వంకలు పెట్టిన అత్తగారికి వందనం

పందొమ్మిది వందల తొంభై ఎనిమిదవ సంవత్సరం జూలై ఆరవ తేదీ, సోమవారం ఉదయం, మన వైద్యసేవల సంస్థలోని విచారణ కిటికీ వెనుక ఒక కొత్త పెళ్లికూతురు గుమాస్తాగా బాధ్యతలు స్వీకరించారు. "ఎక్స్-రే గది ఎటండీ?" అని పొద్దస్తమానం అడిగేవారికి విసుగెరుగక సమాధానమిస్తూనే, ఒకే ప్రశ్న పదిమంది అడిగితే తప్పు అడిగేవారిది కాదు, గోడమీది బోర్డుదని గ్రహించి, ఆరు నెలలు తిరక్కుండానే భవనంలోని బోర్డులన్నిటినీ తిరగరాయించిన ఘనత వారిది.

సంస్థకు వెబ్‌సైటు ఏర్పడిన పిమ్మట, అది జనానికి సులభంగా ఉందో లేదో తేల్చే పరిశీలకురాలిగా వారు నియమితులయ్యారు. అక్షరం చిన్నదైనా, రంగు వెలిసినట్లున్నా, మెనూలో దారి మెలికలు తిరిగినా వారి కన్నుగప్పడం ఎవరితరమూ కాలేదు. ఎంత బాగా చేసినా ఏదో ఒక వంక పెడతారని ప్రోగ్రామర్లు చాటుగా పెట్టుకొన్న 'అత్తగారు' అన్న పేరు ఒకనాడు చెవిన పడగా, "అయితే ఇకనుంచి ఆ హోదాలోనే వంకలు పెడతాను" అని హాయిగా నవ్వేశారు.

మామూలు మనుషులచేత పేజీని వాడించి చూసే పరీక్ష గదిలో వారి నియమం ఒక్కటే: ఎదుట కూర్చున్నవారు ఎంత తడబడినా, చూసేవారు నోరు మెదపరాదు, వేలు చూపరాదు. ఆ నియమం వారికే అగ్నిపరీక్షగా మారిన రోజొకటి ఉంది. డాక్టరు అపాయింట్‌మెంటు తీసుకొనే కొత్త పేజీకి వారు అంగీకార సంతకం చేసేశారు. మర్నాడే ప్రారంభం, అతిథులకు కబుర్లు వెళ్లాయి. లాంఛనంగా మిగిలిన చివరి పరీక్షకు రావలసిన మనిషి రాలేదు. దాంతో, మోకాళ్ల నొప్పి చూపించుకోవాలనుకొంటున్న తమ సొంత అత్తగారినే వెంటబెట్టుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు.

పెద్దావిడ ఒక్కొక్క అక్షరం వెతుక్కొంటూ, ఇరవై నిమిషాలలో పదకొండు గడులు నింపి, అడుగున పెద్దగా కనబడిన ఎర్ర బటన్ నొక్కారు. అది రాసినదంతా చెరిపేసే బటన్. పంపించే బటన్ దాని పక్కనే, బూడిద రంగులో, చిన్నగా ఉంది.

"నాకు చేతకాదే అమ్మాయ్. నలుగురిలో నీ పరువు తీశాను" అంటూ ఆమె కుర్చీలోంచి లేవబోయారు.

కోడలు నియమం తప్పి నోరు విప్పారు. "మీ తప్పు కాదత్తయ్యా, నాది. ఈ బటన్ ఇక్కడుంటే ఫరవాలేదని సంతకం పెట్టింది నేనే."

పెద్దావిడ కళ్లు తుడుచుకొని, మూలన నోట్సు రాస్తున్న సహోద్యోగివైపు తిరిగారు. "విన్నావా నాయనా? కోడలొచ్చి పదమూడేళ్లయింది. తప్పు నాదే అనడం ఇదే మొదలు. తారీఖుతో సహా రాసిపెట్టు!"

గది నవ్వులతో దద్దరిల్లింది. ప్రారంభానికి ముందు ఒకసారి చూసిపోదామని వచ్చిన డైరెక్టరుగారు మాత్రం నవ్వలేదు. "ఒక్క పెద్దావిడ తడబడ్డారని ఇంత ఏర్పాటూ ఆపేస్తామా? మీరే కదండీ సంతకం చేశారు?"

"చేశాను సార్. అందుకే వెనక్కి తీసుకుంటున్నాను. మా అత్తయ్యకి నేనున్నాను, మళ్లీ నింపిపెడతాను. ఎవరూ లేనివాళ్లు తమకే చేతకాదనుకుని లేచి వెళ్లిపోతారు. నొప్పి భరిస్తూ ఇంట్లోనే కూర్చుంటారు."

ప్రారంభం తొమ్మిది రోజులు వాయిదా పడింది. నివేదికలో తమ పొరపాటునే వారు మొదటి అంశంగా స్వహస్తాలతో రాశారు. పదవ రోజున, ఎర్ర బటన్ తీసేసిన పేజీలో పెద్దావిడ నాలుగు నిమిషాలలో అపాయింట్‌మెంటు సంపాదించారు. చప్పట్లు అందరికంటే గట్టిగా కొట్టినవారు డైరెక్టరుగారే.

ఆ తరువాత ప్రధాన పరిశీలకురాలిగా ఎందరో డిజైనర్లను తీర్చిదిద్ది, వారిచేత తిట్టించుకొని, వారి పెళ్లిళ్లకు పెద్దరికం వహించి, నేడు సగౌరవంగా సెలవు తీసుకొంటున్న వారి చూపు ఇంతే చురుకుగా, నవ్వు ఇంతే నిండుగా, ఆరోగ్యం చెక్కుచెదరకుండా చిరకాలం వర్ధిల్లాలని మనసారా ఆకాంక్షిస్తున్నాము. ఏటేటా ఒకసారైనా వచ్చి, మా కొత్త పేజీల ముందు వారు కూర్చోవాలి. అందులో వారెక్కడ తడబడినా తప్పు మాదేనని, ఇక్కడ పేర్లు చేర్చిన మేమందరమూ ఇప్పుడే సంతకం చేసి ఇస్తున్నాము.