కలుపత్తయ్య గట్టు

ఆగాగు, ఆ తీగ మీద చెయ్యి వెయ్యకు. ముందా పలుగు కింద పెట్టు. కుర్చీలు వేసుకుని సముద్రం చూడాలంటే ఇటు పక్కన బోలెడంత చోటుందిగా, సరిగ్గా అక్కడే పడిందా నీ కన్ను? ఆఁ? కలుపా? కలుపేనే తల్లీ, కాదని ఎవడన్నాడు! అసలీ గట్టు మీద కలుపు కాని మొక్క ఒక్కటి చూపించు, నీకు దండం పెడతా. ఇది మా పెద్దత్తయ్య గట్టు. మా నాన్నకి సొంత అక్క. మీ నాన్న కూడా ఎరగడు ఆవిణ్ణి, వాడు పుట్టకముందే పోయింది. వీధంతా కలుపత్తయ్య అనేవాళ్ళు. చాటుగా కాదు, మొహం మీదే. ఆవిడకి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. "అవునే, కలుపునే. పీకండి చూద్దాం" అనేది. ఎవరు పీకగలరు! కూర్చో, చెప్తా. ఆ అరుగు మీద కాదు, ఇటు నీడలో కూర్చో.

ఆవిడ ఆసుపత్రిలో దుప్పట్లు ఇస్త్రీ చేసే గదిలో పనిచేసేది. మనిషి మంచిదే గానీ చేతివాటం ఉంది. అలా చూడకు, డబ్బులూ అవీ కాదు. కొమ్మలు. ఎక్కడికెళ్ళినా ఓ కొమ్మో, దుంపో, గుప్పెడు గింజలో తుంచుకురాకపోతే ఆవిడకి నిద్రపట్టదు. పెళ్ళికెళ్ళినా అంతే, పరామర్శకెళ్ళినా అంతే. చావింట్లో నలుగురితోపాటు బోరుమని ఏడ్చేసి, బయటికొచ్చేటప్పుడు గేటు పక్క తీగ ఓ మూర తెంపుకొచ్చేసేది. సంచిలో పైన అన్నం డబ్బా, కింద దొంగసొత్తు. ఆసుపత్రి తోటమాలి ఓసారి గుమ్మంలో పట్టుకున్నాడట. "ఏమ్మా, నిన్న చూసిన కొమ్మ ఇవాళ లేదే?" అంటే ఈవిడ, "రాలిపోయుంటుంది నాయనా. మనం మాత్రం శాశ్వతమా?" అందిట. పాపం వాడు కళ్ళు తుడుచుకుని వదిలేశాడు. పోనీ మొక్కల గురించి ఏమన్నా తెలుసా అంటే, ఒక్క ముక్క తెలీదు. పేర్లు కూడా రావు. "ఆ గుండ్రాకుది", "ఈ ముళ్ళ వెధవ", "అదిగో ఆ ఏడుపుగొట్టుది" — ఇవీ పేర్లు. తెచ్చిందల్లా ఈ గట్టు వాలున గుచ్చేసేది. బతికితే బతుకుతుంది, చస్తే చస్తుంది. సగానికి సగం ఉప్పుగాలికి మాడిపోయేవి. మిగతావి ఒకదాన్నొకటి తోసుకుంటూ, ఎక్కుతూ, పెళ్ళి బస్సులో జనంలా ఉండేవి.

ఇక మా నాన్న సంగతి. మేస్త్రి అని నీకు తెలుసుగా. ఎలాంటి మేస్త్రి! కంచంలో అన్నం కూడా దారం పట్టి కలుపుతాడేమో అనేది మా అమ్మ. గోడ అన్నాక గుండు వేలాడదీస్తే వెంట్రుకవాసి తేడా ఉండకూడదు. నేనూ ఆయన కిందే తాపీ పట్టాను, వీపు మీద వాతలు లేవుగానీ మాటల వాతలున్నాయి. అలాంటి మనిషికి పక్కిల్లు ఎవరిదీ? ఈవిడది! ఈ ఇల్లే. మా మావయ్య సొంత చేతుల్తో కట్టుకున్నాడు. ఆయన పడవలకి రంగులేసేవాడు, కట్టుబడి ఎక్కడ తెలుస్తుంది? చూడు, ఆ గోడ చూడు, నడుం నొప్పి వచ్చినవాడిలా ఎలా వంగిందో. ఈ గోడ కనిపిస్తే చాలు, మా నాన్నకి తిన్నది అరిగేది కాదు. మావయ్య పోయాక పడగొట్టి కట్టిస్తానన్నాడు. "మీ బావే వంకర మనిషిరా, ఆయన ఇల్లు తిన్నగా ఉంటే నాకు కొత్తగా ఉంటుంది" అంది అత్తయ్య. అయిపోయింది.

ఆఁ, గట్టు. అక్కడికే వస్తున్నా, తొందరపడకు. ఒక ఏడు సముద్రం మా వీధి పెరళ్ళు బాగా కొరికేసింది. అందరూ మా ఇంటి వసారాలో చేరారు. మా నాన్నే పెద్ద. ఏం తేల్చారంటే, గట్టు మీదున్న పిచ్చి మొక్కలన్నీ పీకెయ్యాలి, అంచున రాతి గోడ కట్టాలి, గోడ వెనక వరసగా సరుగుడు చెట్లు వెయ్యాలి. ఒకటే రకం, ఒకటే ఎత్తు, ఒకటే ఎడం. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెదొక దారి అని, ఈవిడ మాత్రం నా గట్టున ఒక్క పరక ముట్టుకున్నా ఊరుకోనంది. నాన్న వెళ్ళాడు, నేనూ పక్కనే ఉన్నా. "అక్కా, నీ మంచికే. రేపు గట్టు జారిందంటే ఇల్లు పోతుంది. ఎక్కడుంటావు?" "జారినప్పుడు చూద్దాంలేరా." "చూసేదేముంది, మా ఇంటికే రావాలి. మెట్ల కింద గది ఖాళీ చేయిస్తాలే." అమ్మో, ఆ మాట అనకుండా ఉండాల్సింది. మెట్ల కింద గదంటే సున్నం బస్తాలూ, విరిగిన పారలూ పడేసే కొట్టు. లేచి నిలబడితే నెత్తికి బొప్పి కడుతుంది. అత్తయ్య నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఒరేయ్, నీకు ముక్కు చీదడం నేర్పింది నేను. ఈ గుమ్మానికి నేను యజమానిని. దీన్ని వదిలి మీ ఆవిడ వంటింట్లో 'అమ్మా, కాస్త ఉప్పు తీసుకోవచ్చా' అని అడుక్కుంటూ బతకడం కన్నా సముద్రంలో పడి చావడం నయం. అక్కడ ఉప్పుకి కరువుండదు." నాన్న మొహం మాడ్చుకుని వచ్చేశాడు. ఆ రోజునించీ మాటల్లేవు.

ఇక్కడ అసలు సంగతి విను. మా ఇంటి తలుపు వెనక నించుని ఈ గొడవంతా ఒకరు విన్నారు. ఎవరు? మా అమ్మ! రెండు కొప్పులు ఒక చోట ఇమడవంటారే, వీళ్ళిద్దరి కొప్పులు ఒక వీధిలోనే ఇమిడేవి కావు. "ఆ మహాతల్లి వచ్చి నా వంటింట్లో కూర్చుంటే నేను పుట్టింటికి పోతా" అనేది. ఏం చెయ్యాలి మరి? అత్తయ్య గట్టు జారకూడదు! నాన్న మా పెరట్లో మొక్కలన్నీ పీకమన్నాడా, అమ్మ శ్రద్ధగా పీకింది. వేళ్ళు తెగకుండా, మట్టితో సహా. బుట్టకెత్తి "చెత్త పారబోసొస్తానండీ" అని మొగుడితో చెప్పి, నేరుగా తెచ్చి ఈ గట్టున పారబోసేది. అత్తయ్య "మీ ఇంటి దరిద్రమంతా నాకే" అని తిడుతూ పాతేది. అమ్మ "చావనీండి వదినా, ఎవరు బతకమన్నారు" అని గొణుగుతూ నీళ్ళు పోసేది. వాళ్ళు కలిసి చేసిన పని జన్మలో అదొక్కటే, అదీ తిట్టుకుంటూ. అమ్మని చూసి మిగతా ఇళ్ళవాళ్ళూ తమ కలుపంతా ఇక్కడే కుమ్మరించారు, చెత్తకుప్ప దొరికిందని. అలా వీధి వీధంతా గుండు గీయించుకుంది, ఉన్న జుట్టంతా ఈవిడ నెత్తిన చేరింది. నాన్న గోడ లేచింది, సరుగుడు చెట్లు ఎదిగాయి. కింద గడ్డి కూడా మొలవలేదు. "చూశావా, ఎంత శుభ్రంగా ఉందో" అని మురిసిపోయేవాడు. ఈ గట్టు మాత్రం మధ్యలో ఊడిన పన్నులా ఉండేది, గోడ లేకుండా.

ఆ తర్వాత తుఫానొచ్చింది. పట్టపగలే. అందరం ముందుగానే బడి మేడ మీదికి చేరాం, మనుషులకేం కాలేదు, అలా మొహం పెట్టకు. అక్కణ్ణించే చూశాం. అల వచ్చి గోడని కొట్టడం, వెనక్కి పోతూ పోతూ గోడ కింద ఇసుక తోడుకుపోవడం. మా నాన్న గోడ విరిగిందనుకుంటున్నావా? విరగలేదు! ఆయన కట్టిన గోడ విరగదు. ఒక్క పగులు లేకుండా, ఉన్నదున్నట్టు, వెల్లకిలా పడుకుంది. కింద ఇసుకే లేకపోతే పాపం అది మాత్రం ఏం చేస్తుంది? గోడ వెనక సరుగుళ్ళ వేళ్ళన్నీ ఒకే లోతు. ఒకటి పడుతూ పక్కదాన్ని లాగింది. వరసలో నిలబడ్డవి వరసలోనే పడ్డాయి, ఆ క్రమశిక్షణ మాత్రం మెచ్చుకోవాలి. వేళ్ళతో పాటు గట్టునీ పెళ్ళలు పెళ్ళలుగా పెకలించాయి. మా పెరడూ, వెనక గదీ, అమ్మ వంటిల్లూ మా కళ్ళ ముందే సముద్రంలోకి దిగిపోయాయి.

నీళ్ళు తీశాక వచ్చి చూస్తే అత్తయ్య గట్టు ఉంది. చెక్కుచెదరలేదని కోతలు కొయ్యను, అడుగున బాగానే కోసుకుపోయింది. ముళ్ళ వెధవ పూర్తిగా పోయింది. కానీ వాలు నిలబడింది. మా వైపు గట్టు తెగిపోయింది కదా, ఆ అంచున అత్తయ్య మట్టి లోపలేముందో కోసిన కేకులా కనిపించింది. నాన్న దాని ముందు కూలబడి చేత్తో తడిమాడు. పైన తీగ పరుచుకునుంది, కణుపు కణుపుకీ వేరు దించి. దాని కింద గడ్డి వేళ్ళు, జుట్టు చిక్కు పడ్డట్టు, గుప్పెడు ఇసుక కూడా రాలనివ్వట్లేదు. ఆ కింద పొదల వేళ్ళు, మోకుల్లా అడ్డంగా. ఇంకా కిందికి, ఏ చెట్టుదో, ఒకటే లావు వేరు నిటారుగా దిగిపోయింది. ఒకటి వదిలేసిన చోట ఇంకోటి పట్టుకునుంది. నాన్న చాలాసేపు చూసి, "ఒరేయ్, రాతి గోడలో అన్నీ ఒకే సైజు రాళ్ళు పెడతావా?" అన్నాడు. పెట్టనన్నా. "ఏం?" "సందుల్లో చిన్న రాయి పడకపోతే పెద్ద రాయి కదుల్తుంది కదా." "అదీ. రాయిలో తెలిసింది, గడ్డిలో తెలీలేదు" అన్నాడు. ఆయన తప్పొప్పుకోవడం అదే మొదలు, అదే ఆఖరు. అదీ నాతో, అక్కతో కాదు.

మరి ఇల్లు లేదు. ఎక్కడికెళ్తాం? ఇక్కడికే. అత్తయ్య తలుపు బార్లా తీసి, "మెట్లు లేవురా నా ఇంట్లో, మెట్ల కింద గది ఎక్కణ్ణించి తేను? పెద్ద గదిలో పడుకోండి" అంది. అంతే, ఆ మాట మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. మర్నాడు పొద్దున అమ్మ ఈ వంటింటి గుమ్మంలో నించుంది. లోపలికెళ్ళదు, వెనక్కి రాదు. చివరికి తల దించుకుని, "వదినా, కాస్త ఉప్పు తీసుకోవచ్చా?" అంది. ఇప్పుడు ఈ మనిషి ఏమంటుందో, వీధంతా వినేట్టు ఏం దులుపుతుందో! అత్తయ్య పొయ్యి దగ్గర్నించి తలైనా తిప్పలేదు. "జాడీ నిన్ననే కింది అరలో పెట్టాను, నీకు అందేట్టు. ఇంకెప్పుడూ అడక్కు" అంది. అమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ తర్వాత ఇద్దరూ ఏళ్ళ తరబడి కొట్టుకున్నారనుకో, అది వేరే సంగతి. పప్పులో ఉప్పెక్కువైందనే కొట్టుకున్నారు.

ఆ సాయంత్రం నాన్న వసారాలో ఊరికే కూర్చున్నాడు. అత్తయ్య వచ్చి ఓ తీగ ముక్క చేతిలో పెట్టింది. "పాతు." "ఎక్కడక్కా?" "ఎక్కడైనా. వరస పెట్టావంటే మాత్రం చేతులు విరగ్గొడతా." అలవాటు ఎక్కడికి పోతుంది, జేబులోంచి దారం తీశాడు. తీసి, చూసుకుని, మళ్ళీ జేబులో పెట్టేశాడు. గట్టు మీదకెళ్ళి, కళ్ళు మూసుకుని పాతాడు. ఒట్టు, కళ్ళు మూసుకున్నాడు, నేను చూశా. తెరిస్తే ఎక్కడ తిన్నగా వచ్చేస్తుందో అని. అత్తయ్య పోయిన రోజున ఇదే తీగ దగ్గర కూర్చున్నాడు, ఎవరు పిలిచినా లేవలేదు. మా నాన్న జీవితం మొత్తం మీద వంకరగా చేసిన పని ఇదొక్కటే. ఆ నీ కాలి దగ్గరిది. ఆఁ, అదే.

...

పలుగు లోపల పెట్టెయ్. కుర్చీలు ఇటు లాగు, ఎండ తిరిగింది. టీ పెడతావా?