కత్తెర మేడమ్ కాపాడిన మూడు వాక్యాలు

1991 జూన్ మూడవ తేదీన మా ప్రచురణ సంస్థ అనువాద విభాగంలో సహాయ సంపాదకురాలిగా చేరి, నేడు ప్రధాన సంపాదకురాలిగా పదవీ విరమణ చేస్తున్న మా ‘కత్తెర మేడమ్’ గారిని అభినందించే అవకాశం లభించడం నా భాగ్యం. తొలినాళ్లలో వారూ మాలాగే విశేషణప్రియులు. వారి వాక్యంలోకి చంద్రుడొస్తే వెన్నెల, చల్లదనం, చకోరం వెంట రావలసిందే.

ఆ అలవాటును మాన్పించినది ఒక పాత అమెరికన్ నవల. అందులో పడవలు చేసే వడ్రంగికి భార్య పోతుంది. మరుసటి ఉదయాన్ని రచయిత ఇలా చెబుతాడు: “ఇద్దరికీ కాఫీ కాచాడు. ఒక కప్పు తాగాడు. పనికి వెళ్లాడు.” బరువంతా క్రియల మీదే మోపి, కన్నీటిని పాఠకుడికి వదిలివేయడం ఆ శైలిలోని ఘనత. మేడమ్ గారు ఆ మూడు ముక్కలను శోకసాగరంతో, అశ్రుధారలతో అరపేజీకి పెంచి, కూరగాయలు తరుగుతున్న అత్తగారికి చదివి వినిపించారట.

“ఇంతకీ ఏడ్చింది ఆయనా, నువ్వా అమ్మాయ్?” అని అడిగారట ఆ పెద్దావిడ.

ఆ ఒక్క మాటతో వారు అనువాదమంతా తిరగరాశారు. నాటి ప్రధాన సంపాదకులు మండిపడ్డారు.

“ఇంత బోడిగా ఉంటే ఎవరు చదువుతారమ్మా? కాస్త కన్నీళ్లు కలుపుదాం.”

“కలపండి సార్. అట్ట మీద నా పేరు మాత్రం తీసేయండి.”

అది వారి తొలి పుస్తకం. ఆ పేరును అచ్చులో చూసుకోవాలని వారెంత ఆశపడ్డారో పక్క బల్ల దగ్గరున్న నాకు తెలుసు. సంపాదకులు కళ్లజోడు సవరించుకుని ఆ పేజీ మళ్లీ చదివారు. వారి భార్య పోయి అప్పటికి ఏడాదైనా కాలేదు.

“పొద్దున్నే నేను కూడా రెండు కప్పులు బయటికి తీస్తానమ్మా,” అన్నారు. “ఇలాగే ఉండనీ.”

పుస్తకం మేడమ్ గారి పేరుతోనే వచ్చింది. ఆనాటి నుంచి మా రాతప్రతులన్నీ వారి కత్తెర కిందికి వెళ్లి, చిక్కి, ఆరోగ్యంగా తిరిగి వచ్చాయి. ‘మహాద్భుతం’ అని రాసినవాడికి ఆ రోజు మూడినట్లే! తిట్లు తిన్నా, మాకు రాయడం వచ్చిందంటే అది వారి చలవే.

ఈ వ్యాసం చిత్తుప్రతిని చూసి, చివరనున్న ‘సకల ఆయురారోగ్య ఐశ్వర్యాభివృద్ధి’ మీద అడ్డగీత గీసి, “ఏం చెప్పాలనుకున్నావో అది చెప్పవయ్యా,” అన్నారు.

సరే మేడమ్. రేపు మీరు లేని మీ గదిలోకి వెళ్లాలంటే నాకు బాధగా ఉంది. మీరు మాత్రం ఆరోగ్యంగా ఉండండి. చాలా ఏళ్లు ఉండండి.