కొత్త ఆటలో నిచ్చెనోడు

...అక్కడే ఆపాను నిన్న, "లిదియమ్మ టీచర్ ఆరోగ్యం" అన్న మాట దగ్గర. పొద్దున చూస్తే ఆ పేజీ బల్ల మీద లేదు. గాలికి పోయిందనుకోవడానికి కిటికీ మూసే ఉంది. ఎవరో తీశారు. అందుకని మళ్ళీ మొదటి నుంచి రాస్తున్నాను, ఈసారి తలుపు గడియ పెట్టుకుని.

ఈ వీడ్కోలు సభకు అధ్యక్షత వహిస్తున్న మా కరస్పాండెంట్ జనార్దనయ్య గారికి, మా స్కూలును తమ స్కూల్లో కలుపుకుని ఆత్మకూరు నుంచి ఇంత దూరం వచ్చిన ముఖ్య అతిథి డైరెక్టర్ గారికి (మా కోసం వచ్చారో, మా బిల్డింగు కోసం వచ్చారో; ఇది చదవకూడదు), ముందు వరసలో ఉన్న సంఘ పెద్దలకు, ఆఫీసు గుమ్మంలో నిలబడి నేను ఎక్కడ తప్పు మాట్లాడతానో అని నా వైపే చూస్తున్న మా నాయనకు, అంటే మన స్కూలు క్లర్కు సురేంద్రబాబు గారికి, నా స్నేహితులకు, అందరికంటే ముందు చెప్పాల్సి ఉన్నా చివరికి మిగిలిన మా ఇంగ్లీష్ టీచర్ లిదియమ్మ గారికి పదో తరగతి ఏంజెలిన్ నమస్కారాలు.

ఆహ్వాన పత్రికలో టీచర్ గారు "అనారోగ్య కారణంగా, తమంత తాముగా" విరమిస్తున్నారని అచ్చయింది. చదివి నాకు చాలా ఆశ్చర్యం వేసింది, ఎందుకంటే మొన్న పిక్నిక్‌కి ఉదయగిరి కోట ఎక్కినప్పుడు టీచర్ మా అందరికంటే ముందు పైన నిలబడి "కమాన్, స్లో కోచ్‌లూ" అని అరుస్తున్నారు, అదే టైములో కరస్పాండెంట్ సార్ కింద మెట్ల దగ్గరే సోడా తాగుతూ "మీరు పొయ్యి రాండి, నేను చెప్పులు చూసుకుంటా ఉంటా" అన్నారు. (ఇక్కడ నవ్వుతారు. సార్ కూడా నవ్వితే ముందుకు పోవాలి. నవ్వకపోతే నీళ్ళు తాగాలి.)

డైరెక్టర్ గారికి తెలియదు కాబట్టి చెబుతున్నాను. మేము ఇంగ్లీష్ మాట్లాడడం పుస్తకంలో నేర్చుకోలేదు, మిషన్ కాంపౌండులో టీచర్ ఇంట్లో శనివారం మధ్యాహ్నాలు టీవీ గేమ్ ముందు కూర్చుని నేర్చుకున్నాం. ఒకరు ఆడాలి, ఆడేవాళ్ళు నోరు తెరవకూడదు, పక్కన కూర్చున్నవాళ్ళు ఏం చెయ్యాలో ఇంగ్లీష్‌లో చెప్పాలి. తెలుగులో చెబితే టీచర్ టీవీ ముందు నిలబడిపోతారు, బొమ్మ కనపడదు, ఆట పోతుంది. ఆ ఆటలో పచ్చ టోపీ పెట్టుకుని వీపు మీద నిచ్చెన మోసే ఫైర్‌మన్ ఒకడుంటాడు. క్యాసెట్ డబ్బా మీద ఇంగ్లీష్ పేరేదో ఉంది గానీ మాకు వాడు నిచ్చెనోడు. వాడు ఎవరినీ కొట్టడు. మంటలొచ్చిన మేడకు నిచ్చెన వేస్తాడు, పైకి పోతాడు, కిటికీలో ఇరుక్కున్న మనుషుల్నీ పిల్లినీ దించుకొస్తాడు. చేత్తో పట్టుకుని ఆడే మీట విరిగితే అది తీసేసి, గరిటెలు చెక్కే కామమ్మవ్వ చేత చెక్క మీట చేయించి పెట్టుకున్నాం. ఈ రోజు టీచర్‌కి శాలువాతో పాటు ఇచ్చే చెక్క గరిటెలు కూడా ఆ చేతివే.

నా పక్కన కూర్చునే షైనీ సీతారామపురం నుంచి వచ్చి హాస్టల్లో చేరినప్పుడు ఒక్క మాట పలికేది కాదు. ఒక శనివారం నేను నిచ్చెనోణ్ణి మంటల్లోకి నడిపిస్తుంటే భయంతో లేచి నిలబడి "లెఫ్ట్! పుట్ ది ల్యాడర్ లెఫ్ట్, యూ డాంకీ!" అంది. నన్ను తిట్టినందుకు టీచర్ దాన్ని ఏమీ అనలేదు, ఇంకోసారి చెప్పమన్నారు. (షైనీ వైపు చూడాలి. అది తల దించుకుంటుంది.)

ఈ సంవత్సరం కరస్పాండెంట్ గారి అబ్బాయి, మా క్లాసు చైతన్య, మద్రాసు నుంచి కొత్త క్యాసెట్ తెచ్చాడు. పాత ఆటల్లో హీరోలందర్నీ ఒకే ఆటలో చేర్చి ఒకరితో ఒకర్ని కొట్టిస్తారు. డబ్బా మీద మా నిచ్చెనోడు కూడా ఉన్నాడు. పచ్చ టోపీ అదే, కానీ కనుబొమలు ముడేసి, నిచ్చెనను గదలాగా ఎత్తి పట్టుకున్నాడు. నాకు చూడగానే అనుమానం వచ్చింది. టోపీ పెడితే ఎవడైనా నిచ్చెనోడే అవుతాడా?

"ఏందే అట్లా చూస్తా ఉండావు? వాడే," అన్నాడు చైతన్య.

"వాడు కాదు. వాడు కొట్టడు."

"ఈ ఆటలో కొడతాడు. కొట్టకపోతే ఈ ఆటలో వాడికేం పని?"

సరిగ్గా ఆ వారమే మన స్కూలు ఆత్మకూరు స్కూల్లో కలిసింది. కొత్త బ్రోచర్ వచ్చింది. అందులో మన టీచర్లందర్నీ వరసగా నిలబెట్టి, లిదియమ్మ టీచర్ ఫోటో కింద "నూటికి నూరు శాతం ఫలితాల సారథి" అని వేశారు. ఆ మాట టీచర్ ఎప్పుడూ అనలేదు. అడిగితే బ్రోచర్ చూసి, "ఈమె ఎవరో నాకంటే బాగుందే" అని నవ్వారు.

(ఇక్కడ ఆగాలి. ఇప్పటిదాకా చదివింది ఎవరికీ కోపం తెప్పించదు. దీని తర్వాతదే.)

ఆ శనివారం నేనూ షైనీ టీచర్ ముందు గదిలో ఆడుకుంటుంటే కరస్పాండెంట్ గారు వచ్చారు. మేము టీవీ సౌండ్ తగ్గించాం. వాళ్ళు వరండాలో మాట్లాడుకున్నది మాకు వినపడింది.

"తప్పేటట్టుండేది నలుగురైదుగురే గదా, లిదియమ్మా. ఆ సీతారామపురం పిల్లా వాళ్ళూ. వాళ్ళని మన స్కూలు పేరు మీద పరీక్షకు పంపించే పన్లేదు, ప్రైవేటుగా కట్టుకోమని నువ్వు నచ్చజెప్పు. నీ మాటయితే వింటారు. ఆత్మకూరోళ్ళకు నూటికి నూరు చూపియ్యాల."

"నచ్చజెప్పను అయ్యా. నాలుగు నెలలుండాది, పాస్ చేపిస్తా."

"చెయ్యలేకపోతే?"

"ఫెయిలయితే మన పిల్లోళ్ళే ఫెయిలయినారు అని చెప్పుకుందాం. ఏముండాది?"

"నీకు ఒంట్లో బాగా లేనట్టుండాది," అన్నారు కరస్పాండెంట్ గారు. అలా మొదలైంది టీచర్ జబ్బు.

షైనీ చేతిలో మీట అలాగే పట్టుకుని కూర్చుంది. తెర మీద నిచ్చెనోడు కాలిపోయాడు.

తర్వాతి శనివారం చైతన్య కొత్త క్యాసెట్ పట్టుకుని టీచర్ ఇంటికి వచ్చాడు. వాళ్ళ నాన్న పంపించాడేమో, ఎవరెవరం వస్తున్నామో చూసి రమ్మని, అని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. టీచర్ నిచ్చెనోణ్ణి తీసుకున్నారు, చైతన్య ఇనుప చేతుల వస్తాదును తీసుకున్నాడు. వస్తాదు గుద్దుతూనే ఉన్నాడు. టీచర్ కొట్టే మీట ముట్టుకోలేదు. వెనకాల బొమ్మగా వేసిన మేడకు నిచ్చెన వేశారు. అది ఊరికే వేసిన బొమ్మ, ఎవరూ దాని వైపు చూడరు.

"టీచర్, కొట్టండి! చచ్చిపోతారు టీచర్!" చైతన్య తెలుగులో అరిచాడు.

"ఇన్ ఇంగ్లీష్," అన్నారు టీచర్, తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండా.

నిచ్చెనోడు పై కిటికీ దాకా ఎక్కాడు. లోపల నుంచి పిల్లి వాడి చేతుల్లోకి దూకింది. దానికి పాయింట్లేమీ రాలేదు. టైము అయిపోయింది, వస్తాదు గెలిచాడని పడింది. చైతన్య చాలాసేపు డబ్బా అటూ ఇటూ తిప్పి చూశాడు, పిల్లి గురించి ఎక్కడైనా రాశారేమో అని.

"వాడేనే, ఏంజీ. నిచ్చెనోడే," అంది షైనీ. ఆ మాట తెలుగులో అన్నా టీచర్ లేచి టీవీకి అడ్డం నిలబడలేదు.

డైరెక్టర్ గారూ, టీచర్‌కి జబ్బు లేదు. షైనీకి ఆ నాలుగు నెలలూ కావాలి, చెప్పే మనిషి కావాలి. మీకు ఈ సంగతి తెలిసే వచ్చారో, తెలియక వచ్చారో నాకు తెలియదు. తెలియక వచ్చి ఉంటే షైనీని మన స్కూలు పేరు మీదే పరీక్షకు పంపించండి. తెలిసే వచ్చి ఉంటే ఈ హాల్లో ఇంతమంది వింటున్నారు.

(ఇది చదివితే నాయన ఉద్యోగం పోతుంది. నాయన రాసిచ్చిన స్పీచ్ బల్ల మీద ఉంది, "అనారోగ్యం" అని రెండుసార్లు ఉంది అందులో. నిన్నటి నుంచి "ఎంత వరకు వచ్చిందే?" అని నాలుగైదు సార్లు అడిగాడు. పేజీ నాయనే తీశాడేమో. తీసి సార్‌కి చూపించాడేమో.)

ఇంతసేపు ఓపికగా విన్న పెద్దలకు, మైకు పెట్టినవాళ్ళకు, వెనక బెంచీల్లో నవ్వు ఆపుకున్న తమ్ముళ్ళకు చెల్లెళ్ళకు నా కృతజ్ఞతలు. టీచర్, మీకు ఇంగ్లీష్‌లో థాంక్స్ చెప్పాలని

తలుపు తడుతున్నారు. నాయన తట్టడు, పేరు పెట్టి పిలుస్తాడు.

మళ్ళీ తట్టారు. నాయనే. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతున్నాడు. "పాపా, సారు వచ్చినాడు. స్పీచి చూస్తాడంట. నేను రాసిచ్చింది చేతిలో పెట్టుకోని రా."

నేను పేజీలు దగ్గరికి తీశాను.

"నువ్వు రాసింది లోపల పెట్టుకో. నిన్నటి పేజీ నా దగ్గిర భద్రంగా ఉండాది, రేపు మైకు కాడికి పొయ్యేటప్పుడు ఇస్తాను. అందులో 'ఆరోగ్యం' కాడ ఆపినావు, ఆ తర్వాత ఏం రాయాల్నో చూసుకో."

పాత క్యాసెట్ డబ్బా టీచర్ నాకే ఇచ్చేశారు. ఈ పేజీలు మడిచి అందులో నిచ్చెనోడి కింద పెడుతున్నాను. టీచర్, సెలవు అనే మాట రేపు మీ ముందు ఈ పేజీల్లోంచే చదువుతాను.