యమున కోసం ప్రార్థన

మోసం అనకండమ్మగారూ. అంత పెద్ద మాట నాకు సరిపోదు. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. మోసం సెయ్యాలంటే తెలివుండాల కదండీ.

ముందు కూకోండి. నిలబడి కోప్పడితే మీ మోకాళ్లే నొప్పెడతాయి. పాస్టరమ్మగారు మా ఇంటికొచ్చి నిలబడే ఎల్లిపోనారంటే, మా ఈదిలో ఇంకో సీరియల్ మొదలౌతాది.

అవునండి, యమున టీవీలో మనిషే. రోజూ రాత్రి వస్తాది. మీ ఇంట్లో టీవీ నేదు గాబట్టి మీకు తెలీదు. జ్ఞానసుందరి వదిన ఎవరింట్లోనో సూసి, "ఓలమ్మో, మనం ప్రార్థన సేసింది ఈ యమునకా!" అని కేకేసిందంట కదా.

కావాలని సెయ్యనేదండి. ఆడోళ్ల కూటంలో మీరే కదా, "ప్రార్థన మనవులుంటే సెప్పండి" అన్నారు. ఇన్నేళ్లలో నేనెప్పుడన్నా లేసి నిలబడ్డానా? ఆ రోజు నిలబడ్డాను. నోట్లో మా కూతురు శాంతి పేరే ఉన్నాది. తలెత్తితే ఎదురుగా జ్ఞానసుందరి వదిన. మా అల్లుడు సంజయ్‌కి సొంత మేనత్త. ఆ పేరు మింగేసి, "యమున" అనేసినాను.

"ఏటయినాది ఆ పిల్లకి?" అన్నారు. టీవీలో సూసిందే సెప్పినాను. మొగుడు మురళీమోహన్ అనుమానంతో గదిలో ఎట్టి తాళమేసినాడు. తిండెట్టనేదు. పిల్ల కళ్లు తిరిగి పడిపోతే ఆడే ఎత్తుకొని ఆసుపత్రికి పరిగెత్తినాడు. ఆడి రక్తమే ఇచ్చినాడు. మంచం పక్కన కూకొని భోరుమన్నాడు, అయినా పిల్ల పుట్టింటికి ఎల్లిపోనాది.

అబద్దమెందుకు, ఆ ఏడుపు సూసి నేనూ ఏడిసినాను.

అప్పుడు మనోళ్లేటన్నారో గుర్తుందాండీ? "ప్రేమ నేకపోతే రక్తమిస్తాడేటి?" అన్నాది ఒకామె. "ఎన్ని బాటిళ్లే?" అన్నాది ఇంకొకామె. రెండన్నాను. "రెండా! మా ఆయన నాకు జొరమొస్తే రెండు మాత్రలు తెచ్చివ్వడు" అని నిట్టూర్సినాది.

జ్ఞానసుందరి వదినైతే, "అనుమానమంటే ప్రేమెక్కువై వచ్చినదే, పిల్లే సర్దుకోవాల" అని తీర్పు సెప్పేసినాది.

మీరు కళ్లు మూసుకొని మొదలెట్టినారు. "ప్రభువా, నీ కుమార్తె యమునకు ఓర్పునివ్వు. ఆమెను భర్త ఇంటికి చేర్చు." ఎంత బాగా సేసినారండీ! గది నిండా కన్నీళ్లే. అందరూ ఆమెన్ అన్నారు. ఆ తాళం సంగతి మటుకు ఒక్కరూ ఎత్తనేదు.

శాంతి ఎక్కడుందంటారా? ఆ లోపలి గదిలోనే ఉన్నాది, సెయ్యి మెడకి కట్టుకొని. ఊరికే సూడ్డానికి రానేదండి. "ఫోన్లో ఎవడితో మాటాడతన్నావే" అని సంజయ్ మెలిపెట్టి ఇరిసేసినాడు. ఏటీ, బాత్రూంలో జారిపడిందని సెప్పిందా వదిన? సెప్తాది మరి.

ఇరిసినోడే బండి మీద ఆసుపత్రికి తీసుకెల్లినాడంట. రోడ్డు మీద గొయ్యి వచ్చినప్పుడల్లా మెల్లగా నడిపినాడంట. మా పిల్ల అదే పట్టుకున్నాది. "అమ్మా, నాకు నొప్పెడతాదని గోతులు సూసి నడిపినాడు కదే. అది ప్రేమ కాదేటి?"

నేనేటి సెప్పగలను? జూట్ మిల్లుకెల్లొచ్చి గోడవారకి తిరిగి పడుకునే మనిషితో కాపురం సేసినదాన్ని. మా ఆయన నాకు రక్తమూ ఇవ్వనేదు, సెయ్యీ ఇరవనేదు. ప్రేముందా నేదా అని మేం ఎప్పుడూ తూకమెయ్యనేదు. "సెయ్యి బాగుంటే ఆ బండెక్కే పనేటే?" అన్నాను.

ఆదివారం చర్చి అయ్యాక సంజయ్ వస్తాడంట, తీసుకెల్లడానికి. వదిన కబురెట్టినాది. మీకూ సెప్పే ఉంటాది.

రాత్రి సీరియల్‌లో ఏటయినాదో తెలుసాండీ? యమున ఎల్లిపోనాది, మొగుడి కాడికే. మెట్ల మీద ఆడు సేతులు సాపి నిలబడితే, వానలో పరిగెత్తుకెల్లి ఆడి మీద పడిపోనాది. ఏం పాటెట్టినారో! మా శాంతి కళ్లు తుడుసుకొని లేసి, ఒంటి సేత్తో బట్టలు మడతెట్టడం మొదలెట్టినాది.

అది పడుకున్నాక ఆ మడతలన్నీ తీసుకెల్లి బకెట్లో నానబెట్టేసినాను. తడిబట్టలు సంచిలో ఎవరెట్టుకుంటారండీ? ఆదివారం దాకా ఆరనివ్వను.

మీరన్నట్టే చర్చిలో నిలబడతాను. "టీవీలో మనిషికి మీ అందరి సేత ప్రార్థన సేయించినాను, తప్పయిపోయినాది" అంటాను. నవ్వుకుంటే నవ్వుకుంటారు.

కానీ మా శాంతి కోసం మటుకు ఎవరి సేతా ప్రార్థన సేయించకండమ్మగారూ. మీ కాళ్లట్టుకుంటాను.

యమునకి అడిగినారు కదా అందరూ కలిసి, ప్రభువు ఇనేసినాడు. మా పిల్లకీ ఇనేస్తాడేమోనని బయమండి.