రస్ టాలివర్ సంతకం మీద నా సిరా

నా పేరు ఆరిన్ సాడ్లక్. వయసు డెబ్భై ఆరు. మిల్‌హేవెన్ ఊళ్లో, క్లే వీధిలో ముప్పై ఎనిమిదేళ్లు సెలూన్ నడిపి మానేశాను. బడి చదువు ఎనిమిదో తరగతి. తక్కినదంతా పాత పుస్తకాలు కొని చదువుకున్నదే. 2019 జూన్ 17, సోమవారం, ఎవరూ పిలవకుండానే స్టేషన్‌కు వచ్చి, మధ్యాహ్నం రెండున్నరకు సార్జెంట్ కొవాక్స్ గారికి ఇది చెబుతున్నాను.

నా స్నేహితుడు డెల్మార్ ఫిచ్‌ను ఉదయం నుంచి ఇక్కడే కూర్చోబెట్టారు. శనివారం బేస్‌బాల్ కార్డుల సంతలో అతను ఒక వ్యాపారికి, ఆటగాడు రస్ టాలివర్ బొమ్మా సంతకమూ ఉన్న పాత కార్డు అమ్మాడు. మెట్లెక్కలేక చిన్న గదికి మారుతున్నాడు, అందుకని. వ్యాపారి ఇంటికెళ్లి భూతద్దంతో చూస్తే సంతకంలో రెండు సిరాలు కనబడ్డాయట. దొంగ సంతకమని ఫిర్యాదు చేశాడు.

సంతకం దొంగది కాదు. 1961 ఆగస్టు 12, సాయంత్రం ఐదుంపావుకు టాలివర్ ఆ సంతకం చేస్తుంటే నేను పక్కనే ఉన్నాను. పెద్ద లీగులో ఒక్క ఏడాది బంతి విసిరి, భుజం పోయి, మా ఊరి జట్టుకు తిరిగొచ్చిన మనిషి అతను. ఆట మైదానంలో మూడో బేస్ వెనక కంచె మీంచి డెల్మార్ కార్డూ నా ఫౌంటెన్ పెన్నూ అందించాడు.

"ఇంత మంచి పెన్ను ఎవరిదిరా? కొట్టేసి పోతా చూడు," అన్నాడు టాలివర్, పొగాకు నములుతూ.

అతని చెమట చుక్క ఒకటి కార్డు మూల మీద పడింది. ఆ మరక ఇప్పటికీ ఉంది. ఇల్లు చేరేదాకా డెల్మార్ ఆ కార్డును అరచేతిలో పెట్టుకొని ఊదుతూనే నడిచాడు.

అదే రోజు నేను చర్చి వాళ్ల పాత సామాన్ల అమ్మకంలో తేనెటీగల పెంపకం మీద 1874 నాటి పుస్తకం కొన్నాను. తోలు అట్ట. పేజీల మధ్య ఎండిన తేనెటీగ ఒకటి.

"సార్, తేనెటీగలు కేసులో లేవండీ," అన్నారు సార్జెంట్ గారు.

ఉన్నాయి. ఆ పుస్తకం వీపు మీద చెరిగిన అక్షరాలను సన్న కుంచెతో దిద్దుతూనే నేను పుస్తకాల మరమ్మతు నేర్చుకున్నాను. ఆదివారాలు డెల్మార్ వంటింటి బల్ల మీద అతను కార్డులు పరిచేవాడు, నేను పుస్తకాలు. పళ్లు పెట్టి కాల్చిన పై ముక్క తినే ముందు చేతులు కడుక్కునేవాళ్లం, తిన్నాక మళ్లీ కడుక్కునేవాళ్లం. పుస్తకాల వాళ్లలో బాగా దిద్దితే మెచ్చుకుంటారు. కార్డుల వాళ్ల దగ్గర, సంతకం మీద మళ్లీ పెన్ను పెడితే ఆ కార్డు చచ్చినట్టే. అన్ని ఆదివారాలు కూర్చుని కూడా ఆ ముక్క నేను తెలుసుకోలేదు.

1987 మార్చి 9, ఉదయం పది గంటలు. డెల్మార్ గుండె ఆపరేషన్‌కు ఆసుపత్రిలో ఉన్నాడు. పిల్లికి తిండి పెట్టడానికి వాళ్లింటికి వెళ్లాను. గోడకు తగిలించిన కార్డు మీద ఎండ పడి సంతకం వెలిసిపోయింది. డెల్మార్ బతికొస్తే అతనికి అది మాసిపోయి కనబడకూడదనుకున్నాను. టాలివర్ సంతకం చేసిన అదే పెన్నుతో, ఊపిరి బిగబట్టి, గీత మీద గీత గీశాను.

ఇంటికొచ్చాక డెల్మార్ కార్డు చూసి, "ఒరేయ్ ఆరిన్, ఆ డాక్టర్లు నా కళ్లు కూడా బాగుచేశార్రా!" అన్నాడు. చెప్పలేకపోయాను. ముప్పై రెండేళ్లు చెప్పలేదు.

ఇవాళ పన్నెండింటికి, ఈ వరండాలో డెల్మార్‌కు చెప్పాను. అతను వేలితో గాల్లో ఆ సంతకం గీశాడు.

"సంతకం చివరి ఆ తోకను ఇంటికి వచ్చినవాళ్లందరికీ చూపించేవాణ్ణి కదరా. ఆయనదా, నీదా?"

"నాదే. చెయ్యి జారింది."

"దరిద్రుడా," అన్నాడు.

డెల్మార్‌కు ఏమీ తెలియదు. పని నాది. శిక్ష ఉంటే నాకు వేసి, అతన్ని ఇంటికి పంపండి. బయట కారు పెట్టాను. అందులో ఎక్కుతాడో, బస్సు కోసం నిలబడతాడో నాకు తెలియదు. ఎక్కడానికి వీలుగా ముందు సీటు వెనక్కి జరిపి ఉంచాను.

ఇదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పిందే రాశారు, చెప్పింది నిజమే. ఎవరి బలవంతమూ లేకుండా సంతకం చేస్తున్నాను.

(సంతకం) ఆరిన్ సాడ్లక్