'నేను' అనక్కా

పాల డెయిరీలో ఆఫీసు గది. గేటు బయట పిల్లల తల్లిదండ్రులు, విలేకరులు. లోపల డెయిరీ యజమానురాలు, ఆమె తమ్ముడు. పాలు చల్లబరిచే విభాగం చూసేది అతనే. బయటికెళ్ళి ఆమె ఏం చెప్పాలో సాధన చేస్తున్నారు.

"మళ్ళీ మొదటికొచ్చావక్కా. 'కొన్ని అనివార్య కారణాల వల్ల' అంటే గేటు విరగ్గొట్టుకుని లోపలికొస్తారు."

"మరేమనాలి? నువ్వే చెప్పు, పంతులూ."

"ముందు పిల్లల మాటెత్తు. మన పాలు తాగి స్కూలు పిల్లలు ఆస్పత్రిలో ఉన్నారు. అది చెప్పకుండా కారణాలెందుకు?"

"సరే. 'పిల్లలు అస్వస్థతకు గురైనట్లు మా దృష్టికి వచ్చిన వెంటనే...'"

"దృష్టికి రావడమేంటి? వాళ్ళ అమ్మలు గేటు దగ్గర ఏడుస్తుంటే! 'జబ్బుపడ్డారు' అను. మామూలుగా, పక్కింటావిడతో చెప్పినట్టు."

"పక్కింటావిడకీ నాకూ మాటల్లేవు."

"అక్కా!"

"ఏం, నవ్వకూడదా? పొద్దున్నించీ గొంతులోకి మంచినీళ్ళు కూడా దిగలేదురా."

"నాకూ దిగలేదు. ఆ పిల్లల మొహాలే... సరే, కానీ. చెప్పు."

"'మా వల్ల పొరపాటు జరిగింది. మేము చింతిస్తున్నాం.'"

"మేము అంటే ఎవరు?"

"మేమంటే... డెయిరీ."

"డెయిరీకి నోరుందా? మేము అంటే ఎవరూ కాదన్నట్టే. పాము చావకుండా, కర్ర విరగకుండా మాట్లాడితే జనం ఇట్టే కనిపెట్టేస్తారు. 'నేను' అనక్కా. 'నేను తప్పు చేశాను.'"

"నేను... నేను... రావట్లేదురా. నాలిక మడతపడుతోంది."

"కష్టమే. కానీ మంగళవారం సంగతి కూడా చెప్పాలి. మిషన్ చల్లబరచట్లేదు, పాలు పారబోసేద్దాం అన్నాను. నువ్వేమో 'ఈ ఒక్క లోడూ పోనీరా' అన్నావు."

"అప్పుడు గదిలో ఇంకెవరున్నారు?"

"ఎవరూ లేరు. మనిద్దరమే."

"మనిద్దరమే."

"ఎందుకడిగావ్?"

"ఊరికే. దాస్తే దాగుతుందా అని."

"దాగదక్కా. దాచింది బయటపడితే ఇంక మన మొహం ఎవరూ చూడరు."

"నువ్వు నన్నొదిలేసి వెళ్ళవుగా?"

"ఎక్కడికెళ్తాను? నువ్వు మాట్లాడుతుంటే పక్కనే నిలబడతా. అమ్మ పోయాక నాకు తల దువ్వి బడికి పంపినదానివి. నీ పక్కన కాకపోతే ఎవరి పక్కన నిలబడతానక్కా?"

"అయితే ఓ పని చెయ్యి. ఒకసారి నువ్వు చెప్పి చూపించు. విని, నేనూ అలాగే చెప్తా."

"నేనా?"

"నీకు మాటలొచ్చు. నువ్వే నేననుకో."

"సరే. 'నేను ఈ డెయిరీ యజమానురాలిని...'"

"అదక్కర్లేదులే. నేనెవరో వాళ్ళకి తెలీదా? తప్పు దగ్గర్నించి మొదలుపెట్టు. ఆగాగు, ముందా ఫ్యాన్ ఆపు. మాట వినపడట్లేదు."

"ఫోనెందుకు పట్టుకున్నావ్?"

"వీడియో తీసుకుంటా. నాలుగుసార్లు చూస్తే నోటికొస్తుంది. ఇటు తిరుగు. ఇంకొంచెం. మొహం ఎలా పెట్టాలో కూడా నేర్చుకోవాలిగా."

"'మిషన్ చల్లబరచట్లేదని నాకు తెలుసు. తెలిసీ పాలు పంపించాను. ఇంకెవరి తప్పూ లేదు. నేనే చేశాను. మీ ముందు నిలబడే మొహం నాకు లేదు. క్షమించమని అడగను. మీరు ఏ శిక్ష వేసినా...' ఏంటక్కా, ఏడుస్తున్నావా?"

"బాగా చెప్పావురా. విన్నవాళ్ళెవరైనా నమ్ముతారు."

"అంతే, ఇలాగే చెప్పు చాలు. ఇంక పద, ఆలస్యమయ్యేకొద్దీ వాళ్ళకి కోపం పెరుగుతుంది. ఫోనిటివ్వు, నేను పట్టుకుంటా."

"ఉండు, వెళ్తోంది."

"ఏం వెళ్తోంది?"

"వీడియో. విలేకరులకి. ఆ... వెళ్ళిపోయింది."

"అదేంటి! అవి నువ్వు చెప్పాల్సిన మాటలు కదా! అందులో ఉన్నది నా మొహం. వాళ్ళు నేనే అనుకుంటారక్కా..."

"అరవకు. నేను వెళ్ళగానే లోపల గడియ పెట్టుకో. ఎవరు పిలిచినా తియ్యకు."

"బయటికెళ్ళి ఏం చెప్తావ్? అక్కా! ఏం చెప్తావ్?"

"తప్పు చేసినవాడు సొంత తమ్ముడైనా సరే, వదిలిపెట్టనని."