మీటరు మావయ్య చెవి

కార్ల మెకానిక్ షెడ్డు ముందు బల్ల మీద మీటరు మావయ్య కూర్చున్నాడంటే ఇక ఆ పూటకి రేడియో అక్కర్లేదు. కార్ల విషయంలో తనని మించిన మీటరు లేదని ఆయనే చెప్పుకోగా చెప్పుకోగా ఆ పేరు ఖాయమైపోయింది. ఆ రోజు పక్కన ఆయన చెల్లెలు కూడా ఉంది. ఆవిడ చేతిలో టీ అలాగే చల్లారిపోతోంది.

మొన్న ఆవిడ కూతురు కారు నడుపుతూ వంతెన ఎక్కుతుంటే స్టీరింగు వెనక పసుపు రంగు ఇంజను బొమ్మ వెలిగింది. కారు రెండు కుదుపులు కుదిపి నడివంతెన మీద ఆగిపోయింది. వెనకే లారీ. లారీ ఆగింది కాబట్టి సరిపోయింది. పిల్ల ఫోను చేసినప్పుడు వెనక నుంచి ఆ హారను మోత విన్నది మొదలు తల్లికి అదే ధ్యాస. కాసేపటికి కారు మళ్ళీ కదిలింది, ఎలాగో ఇల్లు చేరింది. లైటు మాత్రం ఆరలేదు. పాత కారే, కానీ "బంగారం, కళ్ళు మూసుకుని కొనెయ్" అని కొనిపించింది ఈ అన్నయ్యే. రేపు పొద్దున్న పిల్ల కొత్త ఉద్యోగంలో చేరాలి. దారి మళ్ళీ ఆ వంతెన మీదుగానే. కారు ఇవ్వాలా, వద్దా? ఆ ఒక్క మాట తేల్చుకోవడానికి వచ్చింది.

"అక్కా, ఇది బిగించేసి మీది చూస్తా," అన్నాడు మెకానిక్ ఇంకో కారు కింద నుంచి. కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి.

"వాడు చూసేదేముందే? నిన్న సాయంత్రం నేను దాని దగ్గర కూర్చుని నాలుగు మంచి మాటలు చెప్పాను, లైటు ఆరిపోయింది," అన్నాడు మావయ్య.

ఓ కారు తలుపు సొట్టకి పుట్టీ రాస్తున్న పెయింటరు చెయ్యి ఆపాడు. "మాటలకి ఆరిపోయిందా?"

ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాడాయన.

"వినడం రావాలిరా! ఆ లైటు ఊరికే వెలగదు. లోపల కంప్యూటరుంటుంది, ఎక్కడైనా నలతగా ఉంటే ఓ కోడ్ రాసి పెట్టుకుంటుంది. అందరూ దానికి మిషను తగిలించి చదువుతారు, నేను చెవితో వింటాను. మొదట్లో మా ఆఫీసరు కారుకి ఇదే లైటు వెలిగితే, ఇంజను దింపాల్సిందే అన్నారు. నేను అలా ఓ చుట్టు తిరిగి, 'సార్, పెట్రోలు ట్యాంకు మూత సరిగ్గా బిగించలేదు, ఆవిరి పోతోంది, అంతే' అన్నాను. బిగించారు. ఆరింది."

"మూత వదులైనా లైటు వస్తుంది, నిజమే," అంది కారు కింద గొంతు.

చెల్లెలు తలెత్తి అన్నయ్య వైపు చూసింది. ఏమో, నిజంగానే తెలుసేమో.

"విన్నావా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఓ రోజు మంచం మీద పడుకుని ఉంటే రెండు వీధుల అవతల ఏదో కారు పోతోంది, 'మూడో సిలిండరు సరిగ్గా మండట్లేదు, వెళ్ళి చెప్పు' అని మీ వదినని పరిగెత్తించాను. మూడోదే! ఇక ఒకటే ఫోన్లు. బానెట్టు కింద ఫోను పెట్టమనేవాణ్ణి, ఇక్కణ్ణుంచి చెప్పేవాణ్ణి. ఒకాయనకైతే, 'అయ్యా, కారు బాగానే ఉంది, మీ గుండే కాస్త కుంటుతోంది' అన్నాను. డాక్టరు చూసి, అవునవును అని నాకే ఫోను చేశాడు."

"డాక్టరుకి మీ నంబరెక్కడిది?" అన్నాడు పెయింటరు.

"ఆయన కారు మాత్రం ఎవరు చూస్తారనుకున్నావ్? మధ్యలో అడ్డురాకు. ఎక్కడున్నాను... ఆఁ, ఆ తర్వాత చెవితో కూడా పని లేకపోయింది. సైలెన్సరు దగ్గర ఒక్కసారి వాసన పీలిస్తే ఏ సెన్సరు పోయిందో, ఏ బంకులో పెట్రోలు కొట్టించారో, కొట్టినవాడిది ఎడమచేతి వాటమా కాదా, అన్నీ చెప్పేసేవాణ్ణి. ఇంకా రాని కోడ్‌లు కూడా ముందే చెబుతుంటే కార్ల కంపెనీ వాళ్ళకి భయం పట్టుకుంది. ఓ బస్సు నిండా ఇంజనీర్లు దిగారు. మిషను వైరు కారుకి కాదు, నా చెవికి తగిలించారు. తెర మీద ఏమొచ్చిందో తెలుసా?"

"ఏమొచ్చింది?"

"'నమస్కారం' అనొచ్చింది."

పెయింటరు నవ్వుకి పుట్టీ ముద్ద జారి చెప్పు మీద పడింది.

"నవ్వు, నవ్వు. అదే టైముకి పైన విమానం పోతోంది. తలెత్తి విని, 'కుడి రెక్క ఇంజనుకి నట్టు వదులైందిరోయ్' అని కేకేశాను. పైలట్టు అద్దం దించి, 'ఎన్నో నట్టు మావయ్యా?' అన్నాడు."

"వాడికీ మావయ్యేనా?"

"అందరికీనూ! 'ఏడోది' అన్నాను. చెయ్యి బయటపెట్టి బిగించుకుని, టాటా చెప్పి వెళ్ళిపోయాడు."

ఈలోగా మెకానిక్ బయటికొచ్చాడు. చేతులు తుడుచుకుని, వాళ్ళ కారు స్టీరింగు కింద మిషను తగిలించాడు. చెల్లెలు లేచి వెళ్ళి నిలబడింది.

"కోడ్‌లు ఏమీ లేవక్కా."

"చెప్పానా!" మావయ్య తొడ చరిచాడు. "నా మాటతో కుదుటపడింది. రేపు పిల్లని నిశ్చింతగా పంపు."

మెకానిక్ మాత్రం తెర వైపే చూస్తున్నాడు. "పాతవీ లేవు. అసలు దీనికి ఏ జ్ఞాపకమూ లేదు, ఇప్పుడే పుట్టినట్టుంది."

చెల్లెలు అన్నయ్య వైపు తిరిగింది. "అన్నయ్యా, ఇందాక వస్తుంటే చూశాను. కారులో గడియారం తప్పు చూపిస్తోంది. పిల్ల పెట్టుకున్న రేడియో స్టేషన్లన్నీ పోయాయి. అవి కూడా నీ మాట విన్నాయా?"

మెకానిక్ బానెట్టు ఎత్తాడు. బ్యాటరీ వైరు నట్టు మీద కొత్త గీతలు తళతళలాడుతున్నాయి.

"వైరు పీకి మళ్ళీ పెట్టారు. గడియారం, రేడియోలతో పాటు కోడ్ కూడా చెరిగిపోయింది. జబ్బు ఎక్కడికీ పోలేదు."

"మంచి మాటలు స్పానరుతో చెప్పారా మావయ్యా?" అన్నాడు పెయింటరు.

మావయ్య తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "నువ్వు అన్నం కూడా ముట్టకుండా ఆ లైటు తలుచుకుంటూ కూర్చున్నావు. అది ఆరితే కాస్త కుదుటపడతావని..." అన్నాడు చెల్లెలితో.

ఆవిడ కోప్పడలేదు. మెకానిక్‌నే అడిగింది. "ఇప్పుడెలా తెలుస్తుంది?"

"మళ్ళీ లైటు వెలిగేదాకా తిప్పాలి. ఈ వెనక వీధుల్లోనే, నెమ్మదిగా. వెలగ్గానే పక్కకి ఆపి నాకు ఫోను చెయ్యండి. ఇంకేదీ ముట్టుకోవద్దు."

"పిల్ల రేపు బస్సులో వెళ్తుంది," అంది ఆవిడ. తాళంచెవి తెచ్చి అన్నయ్య చేతిలో పెట్టింది.

మావయ్య వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఇంజను స్టార్ట్ చేసేలోపు అవతలి తలుపు తెరుచుకుంది. చెల్లెలు ఎక్కి కూర్చుంది.

"నువ్వెందుకే? నేను చూసుకుంటాగా."

"లైటు వెలిగితే చూడ్డానికి," అంది ఆవిడ, బెల్టు లాక్కుంటూ. "ఒక్కడివే వెళ్తే మళ్ళీ ఆర్పేసి వస్తావు."